సగం ట్యాంకు

"నేనొచ్చింది నీ కోసం కాదు, బండి కోసం," అన్నాడు మోహన్‌రాజ్, కోకిల ఇంటి గేటు బయటే నిలబడి.

"బండి నిన్ను రమ్మని పిలిచిందా?" అంది కోకిల. ఆమె కూడా లోపలికి రమ్మనలేదు.

రమ్మన్నా వెళ్లేవాడు కాదు. ఆడికృత్తిక పండగ నాడు పడిన మాట అతను మరిచిపోలేదు. మరిచిపోయే రకమూ కాదు.

కోకిల అతని మేనమామ తిరుమలయ్య కూతురు. తిరువళ్లూరులో టీచరు. అతనికి ఆవడిలో ఉద్యోగం. పండగ ముందురోజు ఆరంబాక్కంలో స్నేహితుడి పెళ్లికని ఆమె పాత కారు అడిగి తీసుకెళ్లాడు. తిరిగి ఇస్తూ "సగం ట్యాంకు ఉంది" అన్నాడు. మీటరులో ముల్లు సగం మీదే ఉంది మరి.

మర్నాడు ఆమె కొండ మీది స్వామికి మొక్కుకున్న పూలకావడి కారులో పెట్టుకుని తిరుత్తణిలో అవ్వ ఇంటికి బయలుదేరింది. కొండ కనబడుతుండగా బండి ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు. పట్టుచీరలో, మండే ఎండలో, ఖాళీ సీసా పట్టుకుని బంకుకు నడిచింది. కావడి పూలు వాడిపోయాయి.

ఆ రోజు అవ్వ ఇంట్లో వాళ్లిద్దరి పెళ్లికి తాంబూలాలు మార్చుకోవాలని రెండు కుటుంబాలూ కూర్చుని ఉన్నాయి. అందరి ముందూ కోకిల అనేసింది: "పెట్రోలుకే అబద్ధం చెప్పినోడు, పెండ్లానికి ఏం నిజం చెప్తాడు?"

తాంబూలం పళ్లెం లోపలికి వెళ్లిపోయింది.

"ఆ పొద్దు నుంచి ముల్లు పిచ్చిపట్టినట్టు ఎగురుతా ఉంది," అంది కోకిల ఇప్పుడు, గేటు బయట నిలిపిన బండి తాళంచెవి అతనికి విసిరేస్తూ. "నువ్వే ఏమో చేసినావు."

మోహన్‌రాజ్‌కు ఒళ్లు మండింది. "ముల్లు పిచ్చిదని తెలిసినాక కూడా నన్నే అంటావా? అది అబద్ధం చెప్పింటుందని ఒక్కసారన్నా తోచలేదా?"

"తోచింది."

"మరి?"

"కోపం ముందొచ్చింది."

అతను బండి తలుపు తీశాడు. వెనక సీటు లేపి పక్కన పెట్టాడు. కింద చిన్న ఇనుప మూత. దాన్ని విప్పితే ట్యాంకు తల కనబడింది, దాని మీద రెండు వైర్లు. వారమంతా ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. లోపల తేలే బెండు పెట్రోలుతో పాటు లేస్తుంది, దిగుతుంది. ఆ సంగతిని ఒక వైరు మీటరుకు చేరుస్తుంది. రెండోది ఎర్తు, బండి ఒంటికి బోల్టుతో బిగించి ఉంటుంది.

"ముందర కూర్చొని తాళం తిప్పు. ముల్లు యాడుందో చెప్పు."

"సగంలో ఉంది. కాదు, మూడొంతులు. నిలవడంలేదు బావా."

నోరు జారి వచ్చిన 'బావా' ఇద్దరూ విన్నారు. ఇద్దరూ విననట్టే ఉన్నారు.

అతను మీటరు వైరు పీకాడు. "ఇప్పుడు?"

"ఫుల్లుకు పొయ్యింది!"

వైరు కొసను బండి ఇనుముకు ఆనించాడు. "ఇప్పుడు?"

"కిందికి దిగి నిలిచింది. కదల్లేదు."

"అంటే మీటరు బాగుంది. ఈ వైరూ బాగుంది. ఎర్తు అందకపోతే లేని పెట్రోలును ఉందంటుంది ఇది. ఇట్లా రా, చూడు."

ఎర్తు బోల్టు విప్పాడు. వైరు కొసన ఉంగరం కింద పసుప్పచ్చని పెచ్చు, తుప్పుతో కలిసి రాయిలా గట్టిపడి ఉంది. గోటితో గీకి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

చందనం.

కోకిల మొహం మాడిపోయింది. ప్రతి ఆయుధపూజకూ సీటు లేపి, పసుపునీళ్లతో కడిగి, కనబడిన ప్రతి బోల్టుకూ బొట్టు పెట్టేది ఆమే. ఇంకెవరినీ తాకనిచ్చేది కాదు.

"అన్ని బోల్టులకూ పెట్టి దీన్నొక్కదాన్ని ఎట్లా వదిలేది?" అంది నేల చూస్తూ.

"బోల్టుకు భక్తి. నాకు తిట్లు." గరుకు ఉప్పుకాగితంతో ఉంగరాన్ని మెరిసేదాకా రుద్ది బిగించాడు. ముల్లు పావు మీద నిలిచింది. బండిని ఊపాడు. కదల్లేదు. "ఇష్టం లేకుంటే లేదని చెప్పింటే సరిపోయేది. అబద్ధాలకోరని ముద్ర ఎందుకెయ్యాల?"

"నాకు ఇష్టం లేనోడు అబద్ధం చెప్పింటే నవ్వి ఊరుకునేదాన్ని. ఎండలో నడిచింది పెట్రోలు కోసం. ఏడ్చింది నీ కోసం."

ఆ మాట వింటూ అతను మూత బిగించి సీటు సర్దాడు. అయినా మెత్తబడలేదు. "నలుగురి ముందర అన్నావు. నలుగురి ముందరే చెప్పు. నడువు తిరుత్తణికి."

ఆమే నడిపింది. దారిలో ఎన్ని గుంతలు పడ్డా ముల్లు ఎగరలేదు. 

అవ్వ కుప్పమ్మ వాకిట్లోనే ఉంది. తిరుమలయ్య పొద్దున్నే వచ్చి పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు.

"అవ్వా, బావ అబద్ధం చెప్పలేదు. బండికి చందనం పూసి మీటరు చెడగొట్టింది నేనే. తప్పు నాది."

"పెరట్లో మామకు వినపడలే," అన్నాడు మోహన్‌రాజ్.

కోకిల కళ్లెర్రజేసింది. "నాయనా! బావ అబద్ధాలకోరు కాదు! చేసుకుంటే ఆయన్నే చేసుకుంటా! చాలునా?"

తిరుమలయ్య చేతిలో కొబ్బరికాయ జారిపడింది. "వీధి చివరిదాకా వినబడింది తల్లీ, చాల్లే."

అవ్వ లోపలికి వెళ్లి గిన్నెలో చందనం కలిపి తెచ్చింది. అలవాటుగా కారు వైపు నడిచింది. మోహన్‌రాజ్ పరుగున అడ్డం నిలబడ్డాడు.

"అవ్వా, బండికి మాత్రం వద్దు!"

"కలిపింది పారబొయ్యనా?" అంటూ అవ్వ, పెళ్లికొడుక్కి పూసినట్టు, అతని రెండు చెంపలకూ మెత్తేసింది.

కోకిల పకపకా నవ్వింది. అతనికి కోపం ఇంకా పోలేదు. కానీ టపటపా చినుకులు మొదలవగానే, చందనం కరిగిపోకుండా రెండు చెంపలకూ చేతులు అడ్డం పెట్టుకున్నాడు.