నేరేడు చీర, దానిమ్మ దారం

"దారం ముక్క ఎందుకప్పా నీకు?"

పవిత్ర నేరేడు చీర వీడియో ఉన్న పెన్‌డ్రైవ్‌ను పిడికిట్లోనే ఉంచుకుంది. ఆమె ధర్మవరం నుంచి, వీడియోలు ఎడిట్ చేసే గిరి హిందూపురం నుంచి వచ్చి, మధ్యలో పెనుకొండ స్టేషన్లో కలుసుకోవడం వాళ్ళ ఏర్పాటు.

"చీర వెలిసిపోయినట్టుండాదని తిట్టింది నువ్వే కదా మేడమ్? నీ కొత్త ఫోన్ ఫైలు నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోదు. వేరే ఫార్మాట్‌లోకి మార్చుకోవల్ల. మారిస్తే రంగు పోతాది. అసలు రంగు కండ్లతో చూస్తేనే కదా దిద్దేది?"

"బజారు షాపోళ్ళ వీడియోలూ నువ్వే చేస్తాండావు. వాళ్ళ చీరలు మాత్రం ధగధగా మెరుస్తాండాయి!"

"వాళ్ళది పాత కెమెరా. ఫైలు నేరుగా తెరుచుకుంటాది. దాంట్లో నా గొప్పేముంది?"

జవాబు అంత సిద్ధంగా ఉండటమే పవిత్రకు నచ్చలేదు.

ధర్మవరంలో దారం ముక్క ఎవరూ బయటికివ్వరు. రంగులేసేవాళ్ళకు చూపిస్తే చాలు, అదే రంగు ఇంకొకరి మగ్గం మీదికి ఎక్కుతుంది. పైగా ఆ నేరేడు రంగు అమ్మ కుదిర్చింది. అమ్మ పోయి ఏడాదయింది. నాయన ఓబుళప్ప ఇప్పటికీ ఆమె కుదిర్చిన రంగులే నేస్తున్నాడు. పవిత్ర వాటిని ఫోన్లో వీడియో తీసి ఆన్‌లైన్లో అమ్ముతోంది. వీడియోలో ఒక రంగు, చేతికొచ్చింది ఇంకో రంగు అని రెండు చీరలు తిరిగొచ్చాయి. మరొకటి వస్తే మగ్గాన్ని బజారు షాపుకే ఒప్పజెబుతానన్నాడు నాయన. అప్పుడు వాళ్ళు చెప్పిన రంగులే నేయాలి.

మరుసటి వారం పవిత్ర దారం తెచ్చింది. అది నేరేడు రంగుది కాదు. కుచ్చులు కట్టే దుకాణంలో కొన్న దానిమ్మ గింజ రంగు పట్టుదారం. ఈ రంగు బజారు షాపులో కనిపిస్తే దొంగ దొరికినట్టే.

గిరి దారాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "నీ ఫోన్లో నేరేడు మాదిరి కనపడతాండాదే?"

"ఫోన్‌ను నమ్ముతావా, నన్నా?"

"నిన్నే."

దారాన్ని కాగితంలో మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ "నిన్నే" అన్న మాట పవిత్ర వెంట ఇంటిదాకా వచ్చింది. అనుమానం అంతకంటే ముందే ఇల్లు చేరింది.

రోజూ బజారు షాపు అద్దాల ముందు ఆగి చూసింది. దానిమ్మ రంగు కనిపించలేదు.

వీడియో మాత్రం వచ్చింది. ఎప్పటిలాగే గిరి నేరుగా ఆమె పేజీలో పెట్టేశాడు. అందులో తన ముఖం, గోడ, గాజులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. చీర ఒక్కటే, ప్రతి మడతలోనూ దానిమ్మ గింజలా నిగనిగలాడుతోంది. అతను ఆ దారాన్ని ఎవరికీ చూపించలేదు. తెర పక్కన పెట్టుకుని, నమ్మి, రంగు దిద్దాడు.

అప్పటికే బెంగళూరు నుంచి ఒకామె ఆ చీర కావాలని ఆర్డర్ పెట్టింది.

"ఈ రంగు మనమెప్పుడు నేసినామమ్మా?" అన్నాడు నాయన.

పవిత్ర అంతా చెప్పింది. బెంగళూరు ఆమెకూ ఫోన్ చేసి చెప్పింది. ఆ రంగులో నేసిచ్చేదాకా ఆగుతానందామె.

ఓబుళప్ప చాలాసేపు వీడియో చూశాడు. అమ్మ పోయాక మగ్గం మీదికి ఎక్కబోయే మొదటి కొత్త రంగు అది.

"మీ అమ్మయితే ఆ పిల్లోణ్ణి ముందు అన్నానికి పిలిచేది," అన్నాడు. "పరీక్షలు తర్వాత."

పెనుకొండలో సన్నగా తుంపర పడుతోంది. పవిత్ర జరిగిందంతా గిరికి చెప్పింది.

"అంటే నేను దొంగనా కాదా అని చూసినావు."

"ఊఁ."

"మడత మడతకీ రంగేసినానే తల్లీ! కండ్లు పోయినాయి నాకు!"

"నేరేడని గట్టిగా అనాల్సింది."

"నువ్విచ్చినావని అనలేదు." అతని గొంతులో నవ్వు లేదు. "ఇంగెప్పుడూ దారం అడగనులే."

"అడగొద్దు. మగ్గం మీదే చూసి దిద్దు."

ధర్మవరం రైలు వచ్చింది. పవిత్ర ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. గిరి ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు.

"మగ్గం దగ్గరికి బయటోళ్ళను రానీరంట కదా?"

"రానీరు." పక్క సీటు మీది బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "వచ్చేది బయటోడు కాదని నాయనకు చెప్పే వచ్చినా. ఎక్కుతావా, లేదా?"

రైలు కదిలింది. గిరి పరుగెత్తి ఎక్కాడు.