పచ్చగా మెరిసిన సీసా

ఆస్పత్రి మందుల గది ఇన్‌చార్జి మెట్ల మీంచి జారిపడి చనిపోయాడని పోలీసులు రాసుకున్నారు. గూఢచారి విభాగం నడిపే పెద్దాయన ఒప్పుకోలేదు.

"మెట్లు జారినవాడి మెడ మీద సూది పోటెందుకుంటుంది?" అంటూ ఫొటోను బల్ల మీద ముందుకు తోశాడు.

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ కంపౌండర్ అంటారు. ఏ ఆస్పత్రి కేసు వచ్చినా పెట్టుడు మీసంతో, ఖాకీ చొక్కాతో దూరిపోయేది అతనే.

"కంటి పరీక్షకు వాడే రంగు మందు," అన్నాడు పెద్దాయన. "చేతి నరంలోకి ఎక్కిస్తే కంట్లో రక్తనాళాలు ఫొటోలో మెరుస్తాయి. మనవాళ్ళు చవగ్గా తయారుచేశారు. ఇవాళ ఆఖరి ట్రయల్. పన్నెండు సీసాలు, పన్నెండు మంది. విదేశీ ముఠా ఒక సీసాలో విషం కలిపింది. బల్ల మీద ఒక్క ప్రాణం పోతే చాలు, మన మందు మూలపడుతుంది."

"ట్రయల్ ఆపేద్దాం సార్."

"ఆపినా వాళ్ళకి పండగే. పదింటిదాకా వెతుకు. దొరక్కపోతే ఆపుతాం." నీలి టార్చి ఒకటి చేతికిచ్చాడు. "అసలు రంగు దీని కింద పచ్చగా మెరుస్తుంది. మెరవనిది విషం. ఇంకో మాట. అక్కడి ట్రయల్ కోఆర్డినేటర్, కోడ్ నేమ్ చిలక. మన జీతమూ తింటుంది, వాళ్ళ జీతమూ తింటుంది. అందం చూసి పడిపోకు."

"ఆ వయసు దాటింది సార్."

తొమ్మిదిన్నరకు కంపౌండర్ మందుల గదిలో ఉన్నాడు. ఒక్కో సీసాలోంచి సూదితో ఒక్కో చుక్క తీసి గాజు పలక మీద వేసి, టార్చి వెలిగించాడు. పదకొండు చుక్కలు ఇటుక రంగులో మొద్దుగా ఉండిపోయాయి. ఒక్కటే పచ్చగా మెరిసింది.

ఒక్క సీసా అన్నారు గానీ, పదకొండూ విషమే అనుకున్నాడు. వైర్‌లెస్ నొక్కబోతూ గోడ మీది రోగుల జాబితా చూశాడు. ఏడో వరసలో అతని అక్క పేరుంది.

అమ్మ పోయాక తల దువ్వి బడికి పంపిన అక్క. షుగరు జబ్బుతో ఒక కన్ను ఇదివరకే పోయింది. బావ చనిపోయినప్పుడు అతను ఏదో దేశంలో ఎవరి వేషంలోనో ఉన్నాడు. ఆ సిగ్గుతో ఆరేళ్ళుగా ఆమెకు మొహం చాటేస్తూ వచ్చాడు. ఇప్పుడు ట్రయల్ రద్దయితే రెండో కంటికి మళ్ళీ పరీక్ష ఎప్పుడో, అంతదాకా చూపు ఆగుతుందో లేదో.

ఉన్న ఒక్క మంచి సీసా అక్కకిచ్చి, ఆ తర్వాత కబురు చెబుదామనుకున్నాడు. తెల్లనివన్నీ పాలు కావని కొత్త ఏజెంట్లకు పాఠాలు చెప్పేవాడు, సొంత మనిషి దగ్గరికొచ్చేసరికి అన్నీ మర్చిపోయాడు. మెరిసిన సీసాను ఏడో నంబరు ట్రేలో పెట్టి, ఆమె చక్రాల కుర్చీని తనే ముందుగా తోసుకొచ్చాడు.

డాక్టర్ మందును సిరంజిలోకి లాగాడు. కంపౌండర్ వెనక నిలబడి అక్క తలను కెమెరాకు ఆనించి పట్టుకున్నాడు. ఆమె జుట్టు బాగా పలచబడింది. సూది నరంలోకి దిగింది.

"ఆగండి డాక్టర్."

గుమ్మంలో చిలక. పట్టు స్కార్ఫు, ఎర్రటి లిప్‌స్టిక్, ఏడ్చి వాచిన కళ్ళు. "మందుల గదిలో టార్చి, గాజు పలక చూశాను. మెరిసిన సీసా ఏదీ?"

"ఇదే," అన్నాడు కంపౌండర్. "మంచిది ఇదొక్కటే."

"చిక్కగా ఉన్నప్పుడు ఈ రంగు మెరవదయ్యా. రక్తంలో కలిసి పలచబడ్డాకే మెరుస్తుంది. ఆ పదకొండూ అసలువి. విషం పోసి పలచన చేసింది ఇదొక్కటే."

సిరంజి మీద డాక్టర్ బొటనవేలు అక్కడే ఆగిపోయింది. మెల్లగా సూది బయటకు తీశాడు. కంపౌండర్ పన్నెండు మందిలో ఒక్కరినే కాపాడుకోబోయి, ఆ ఒక్కరినే చంపబోయాడు.

"నువ్వెందుకు చెప్పావ్?" అని అడిగాడు.

"మందు ఆగితే చాలన్నారు. విషమని తర్వాత తెలిసింది. మందుల గది ఆయన్ని చంపుతారని అసలే తెలీదు." అంది చిలక. "టీలో చక్కెర సరిపోయిందా అని రోజూ అడిగేవాడు నన్ను. వాళ్ళు ముగ్గురు, కింద క్యాంటీన్లో డాక్టర్ కోట్లు వేసుకుని కూర్చున్నారు. ముందు వాళ్ళని పట్టుకోండి, తర్వాత నన్ను."

పది నిమిషాల్లో అందరూ దొరికారు. ట్రయల్ అసలు మందుతో మొదలైంది. అక్క తలను మళ్ళీ కంపౌండరే పట్టుకున్నాడు. అక్క కంటి ఫొటోలు తెర మీదకు వచ్చాయి. మందు చక్కగా పనిచేసింది. ఏ నాళం ఎక్కడ మూసుకుపోయిందో ఏ అనుమానమూ లేకుండా చూపించింది. కంటి నడిమధ్య అంతా నలుపే.

"అక్కడికి రక్తమే అందటం లేదమ్మా," అన్నాడు డాక్టర్. "ఈ కాస్త మసక వెలుతురు కూడా ఎక్కువ రోజులు నిలవదు. చేయగలిగింది లేదు."

అక్క తన తల మీదున్న చేతిని తడిమి పట్టుకుంది.

"బావ పోయాడ్రా," అంది. "కబురు పెడదామంటే నీ అడ్రసు లేదు."

గొంతు మార్చి ఏదో అనబోయి, ఆమె పాదాల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెట్టుడు మీసం తడిసి ఊడిపోయింది.

సాయంత్రం రిపోర్టులో 'మారువేషం ఎవరైనా గుర్తుపట్టారా?' అన్న గడిలో, ఇరవయ్యేళ్ళ సర్వీసులో మొదటిసారి 'ఒకరు' అని రాశాడు. 'ఎలా?' అన్న గడిలో 'చూసి మాత్రం కాదు' అని రాసి సంతకం పెట్టాడు.