లైటు చూసే వచ్చాను

అన్నాల గంట కొట్టేసరికి ఆరో తరగతి కిటికీలో లైటు మళ్లీ ఎర్రగా ఉంది.

"రెడ్. ఇవాళా గ్రౌండ్ లేదు," అంది పిడుగు. రోజూ లైటు చూసి రంగు చెప్పడం తన పనే. ఆ బాక్సుకి లీడర్ తను.

వెనక బెంచీల్లో అందరూ ఉసూరుమన్నారు. వాళ్లకన్నా పిడుగుకే ఎక్కువ మండింది. రిలే పరుగులో చివరి వంతు తనది. జట్టు ఎంపిక దగ్గరికొచ్చేసింది. ఈ దిక్కుమాలిన లైటు చూస్తే ఎరుపు దిగనంటోంది.

ముందు ఆ బాక్సు సంగతి చెప్పాలి. బడి గోడ వెనకే రాళ్లు కోసే యార్డు ఉంది. అక్కడ మిషన్లు తిరిగితే తెల్లటి దుమ్ము లేస్తుంది. అది ఎంత ఉందో కొలవడానికి యూనివర్సిటీ ల్యాబ్ వాళ్లు చుట్టుపక్కల బళ్లకి తలా ఒక బాక్సు ఇచ్చారు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. అడుగున చిన్న కన్నం. లోపలి ఫ్యాను అందులోంచి బయటి గాలిని పీలుస్తుంది. గాలి బాగుంటే ఆకుపచ్చ లైటు, దుమ్ము ఎక్కువైతే ఎర్ర లైటు. అంకెలేమో నేరుగా ల్యాబ్ అక్క కంప్యూటర్‌కి వెళ్లిపోతాయి.

"ఈ పరిశోధనలో మీరూ నాతో సమానమే," అని ల్యాబ్ అక్క మొదటిరోజే చెప్పింది. ఆ మాటకి క్లాసంతా పొంగిపోయింది. లీడర్ అయ్యాక పిడుగు కాళ్లు నేల మీద ఆనలేదు.

అలాంటి పిల్ల ఆ సాయంత్రం అందరూ వెళ్లేదాకా ఆగింది. బ్యాగులోంచి పాత సాక్సు తీసి, మడిచి, రబ్బరు బ్యాండుతో బాక్సు అడుగున కన్నానికి బిగించింది. కాసేపటికి లైటు ఆకుపచ్చగా మారింది. ఇంత తేలికా అనుకుంది.

"ఎంపిక అయ్యేదాకే. దీనివల్ల ఎవరికేం నష్టం?" అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

నష్టం ఎవరికో మనకి తెలియాలంటే పిచ్చుక గురించి తెలియాలి. పిచ్చుక పిడుగు పక్కనే కూర్చుంటుంది. పొద్దస్తమానం కిచకిచలాడుతుంది కాబట్టి ఆ పేరు. ఆ పిల్లకి ఉబ్బసం. దుమ్ము తగిలితే ఊపిరాడదు. బట్టలు కుట్టే వాళ్లమ్మ పెట్టిన షరతు ఒక్కటే. కిటికీలో లైటు చూసుకోవాలి. గ్రీన్ అయితేనే బయటికి.

మర్నాడు పిడుగు "గ్రీన్" అనగానే అందరూ గ్రౌండ్‌లోకి ఉరికారు. పిచ్చుక మాత్రం కిటికీ దాకా వెళ్లి చూసింది.

"గ్రీనే. కానీ బయట తెల్లగా కనిపిస్తోందేంటే?"

"కంటికి కనిపించేది వేరు, మిషను కొలిచేది వేరు. లీడర్ నువ్వా, నేనా?"

"నువ్వేలే తల్లీ. అయితే నేనూ పరిగెడతా. చాలా రోజులైంది."

పిచ్చుక పరిగెత్తింది. ఆ తర్వాతి రోజు కూడా పరిగెత్తింది. ఇంకో రోజు సగం దూరం పరిగెత్తి, గోడ పట్టుకుని కూలబడింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇన్‌హేలర్ పీల్చినా ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా అయిపోయాయి. క్షణం నోరు మూయని పిల్ల నోట ఒక్క మాట రాలేదు. పీటీ సార్ ఎత్తుకుని బడి వ్యాను దగ్గరికి పరిగెత్తారు.

అందరూ వ్యాను వెంట పడ్డారు. పిడుగు మాత్రం క్లాసులోకి పరిగెత్తింది. సాక్సు ఊడపీకి బ్యాగు అడుగున కుక్కేసింది. సైన్స్ టీచర్ వచ్చి చూసేసరికి లైటు ఎర్రగా వెలుగుతోంది.

"రెడ్ ఉంటే గ్రౌండ్‌కి ఎందుకు వెళ్లారు?"

"పిడుగు గ్రీన్ అంది టీచర్," అన్నారు పిల్లలు.

"ఇందాక గ్రీనే ఉంది టీచర్. తర్వాత మారిందేమో," అంది పిడుగు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

టీచర్ నిట్టూర్చారు. "పిచ్చుకైనా వెళ్లేముందు చూసుకోవాలి కదా. వాళ్లమ్మ అన్నిసార్లు చెప్పి పంపిందే."

పిడుగు తన బ్యాగుని కాలితో బెంచీ కిందికి నెట్టింది.

సాయంత్రం అమ్మతో ఆసుపత్రికి వెళ్లింది. వరండాలో పిచ్చుక వాళ్లమ్మ కూర్చుని ఉంది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

"చిలక్కి చెప్పినట్టు చెప్పానండీ, లైటు చూడకుండా వెళ్లొద్దని," అందావిడ పిడుగు వాళ్లమ్మతో. "అడిగితే చూసే వచ్చానంటుంది. టీచరేమో రెడ్ ఉందన్నారు. ఊపిరాడని పిల్ల అని కూడా చూడకుండా తిట్టేశాను. అబద్ధాలు ఎప్పుడు నేర్చిందో."

ముగ్గురూ లోపలికి వెళ్లారు. పిచ్చుక మొహానికి మాస్కు ఉంది. పిడుగుని చూసి దాన్ని కొంచెం ఎత్తింది.

"నువ్వు చెప్పవే మా అమ్మకి. చూసే వచ్చాను కదా?"

అందరూ పిడుగు వైపే చూస్తున్నారు.

"ఏమో. నేను గమనించలేదు," అంది.

పిచ్చుక మాస్కు పెట్టుకుని గోడవైపు తిరిగింది.

మర్నాడు క్లాసులో డిజిటల్ బోర్డు మీద వీడియో కాల్‌లో ల్యాబ్ అక్క కనిపించింది. పక్కన గ్రాఫులో అన్ని బళ్ల దుమ్ము గీతలూ ఉన్నాయి. వీళ్ల బడి గీత కొన్నాళ్లు అడుగుకి అంటుకుపోయి, నిన్న మధ్యాహ్నం నిట్టనిలువుగా లేచింది.

"మీ బాక్సు పాడైనట్టుంది," అంది అక్క దిగులుగా. "ఇక మీ అంకెలేవీ నమ్మలేం. మొత్తం తీసేయాలి. యార్డులో నీళ్లు చల్లించమని అడగడానికి అవే ఆధారం అనుకున్నాను. ఏం చేస్తాం."

పిడుగు ఆ గీత వైపే చూస్తోంది. అది ఎక్కడ పడుకుందో, ఎక్కడ లేచిందో క్లాసులో తనొక్కదానికే తెలుసు. లేచి నిలబడింది. బ్యాగులోంచి సాక్సు తీసి టీచర్ టేబుల్ మీద పెట్టింది.

"బాక్సు బాగానే ఉందక్కా. కన్నానికి ఇది కట్టాను. పిచ్చుక చూసినప్పుడు లైటు గ్రీనే ఉంది."

టీచర్ సాక్సు ఎత్తి అక్కకి కనబడేలా పట్టుకున్నారు.

"సాక్సు జల్లెడలా దుమ్ముని ఆపేసింది," అంది అక్క. "బాక్సు దానికి అందిన గాలి సంగతే చెప్పింది. సరే, ఆ రోజులవి మాత్రం తీసేస్తాను. మిగతావి ఉంటాయి."

"ఈ మాట ఇక్కడ చెబితే చాలదు," అన్నారు టీచర్.

"తెలుసు టీచర్."

సాయంత్రం ఆసుపత్రి వరండాలో పిచ్చుక వాళ్లమ్మకి పిడుగు చెప్పాల్సిందంతా చెప్పింది. "పిచ్చుక చూసే వచ్చింది ఆంటీ. అబద్ధం చెప్పింది నేను." ఆవిడ తిడితే బాగుండేది. తిట్టలేదు. లోపలికి వెళ్లి కూతురి తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. పిడుగుని లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

లీడర్ పని నుంచి తీసేస్తారనుకుంది పిడుగు. టీచర్ తీయలేదు. అది ఇంకా కష్టమైంది. తను ఏ రంగు చెప్పినా పిల్లలు నమ్మడం లేదు. ఒక్కొక్కరూ కిటికీ దగ్గరికి వెళ్లి, వంగి బాక్సు అడుగున చూసి మరీ వస్తున్నారు.

ఎంపిక రోజుకి పిచ్చుక బడికి వచ్చింది. చిక్కిపోయింది. వేరే బెంచీలో కూర్చుంది. కిచకిచ లేదు.

గోడ వెనక మిషన్లు తిరుగుతున్నాయి. రిలే పిల్లలు బూట్లు కట్టుకుని ఎదురుచూస్తున్నారు. పిడుగు కిటికీ దగ్గరికి వెళ్లింది.

"రెడ్," అంది.

"ఇవాళ పరిగెత్తకపోతే జట్టులో మనం ఉండం. తెలుసుగా?" అన్నాడు ఒకడు.

"తెలుసు. రెడ్."

పిడుగు బాక్సుని కొక్కెం నుంచి తీసింది. పిచ్చుక బెంచీ దగ్గరికి తీసుకెళ్లి, తిరగేసి కన్నం కనబడేలా పట్టుకుంది. పిచ్చుక కాసేపు చూసి, కన్నం మీద వేలు పెట్టింది. ఏమీ అడ్డం లేదు. ఫ్యాను గాలిని లాగుతుంటే వేలికి చల్లగా తగిలింది. అప్పుడు బాక్సుని తిప్పి లైటు చూసింది.

"రెడ్డే," అంది పిచ్చుక.

ఆసుపత్రి నుంచి వచ్చాక పిడుగుతో అన్న మొదటి మాట అది. పిడుగు తల ఊపి, బాక్సుని మళ్లీ కొక్కేనికి తగిలించి, కిటికీ తలుపు మూసింది.