పక్కకు చూసే కెమెరా

శుక్రవారం నమాజు అయ్యాక చూసేకి వస్తానని నాసిర్ ఫోన్‌లో చెప్పాడు. ఏం చూసేకో చెప్పలేదు. ఫోన్ ఎత్తిన ఖైరున్నీసా అడగనూ లేదు. ప్రొద్దుటూరు నుంచి కూతురికొక సంబంధం వస్తుందని పెళ్ళిళ్ళు కుదిర్చే జానీబీ అప్పటికే చెప్పి ఉంచింది.

అందువల్ల పులివెందుల దగ్గరి ఆ చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, బండి దిగిన నాసిర్‌కు కొత్త దుప్పటి పరిచిన మంచం, సేమియా పాయసం ఎదురయ్యాయి. బోర్లలోకి కెమెరా దించే పనిలో ఇంత మర్యాద ఎక్కడా జరగలేదు. అయినా తిన్నాడు.

"ఇంతకు ముందు చూసినావా బేటా?" అంది ఖైరున్నీసా.

"పోయినేడే చూసినా ఖాలా, నువ్వప్పుడు ఊర్లో లేవు. పనికిరాదని చెప్పి పోయినా."

గరిటె ఆగింది. "ఏం, ఏం లోపముందంట?"

"లోపలంతా ఎండిపోయింది, వేరేది చూసుకోండి అన్నా. అప్పుడు నాకు సరిగా కనపడలా. తప్పు నాదే. అందుకే మల్లా వచ్చినా."

పరదా వెనక నుంచి ఇష్రత్ బయటికి వచ్చింది. "అమ్మా, ఈయప్ప చూసేకి వచ్చింది నన్ను కాదు, బోరును."

నాసిర్ పాయసం గిన్నె కింద పెట్టాడు. అప్పటికే ఖాళీ అయింది.

"నువ్వు ఎండిపోయిందంటివి, మా నాయన మోటరు పీకేసె. ఉండిన ఇంకో బోరు మొన్న ఆగిపాయె. ఆదివారం చెట్లు కొట్టేటోళ్ళు వస్తాండారు. ఇంటరు చదివేటప్పట్నుంచి బిందెలతో నీళ్ళు మోసి పెంచినా వాటిని. ఇప్పుడొచ్చి తప్పంటావా?"

"అప్పటి కెమెరా కిందికే చూస్తాది. బురద నీళ్ళలో దానికేమీ కనపడదు. ఇది కొత్తది. నీళ్ళలోనే తల తిప్పి పక్కకు చూస్తాది."

"కెమెరాకు బుద్ధొచ్చింది. నీకో?"

"నేర్చుకుంటాండా."

ఆమె తండ్రి మున్వర్ బోరు దగ్గర సందేహంగా నిలబడ్డాడు. "దేవుడు భూమిలో దాచిపెట్టింది మనం తొంగి చూడొచ్చా అప్పా?"

నాసిర్ కెమెరాను కేబులుకు తగిలించాడు. "దాచినోడే చూసే తెలివీ ఇచ్చినాడు కదా మామా."

జవాబు మున్వర్‌కు పూర్తిగా నచ్చలేదు. కానీ కేబులు పట్టుకున్నాడు.

నాలుగు వందల అడుగుల దగ్గర కెమెరా నీళ్ళలో మునిగింది. తెర మీద రాయి, బురద, మళ్ళీ రాయి. తెర చిన్నది, చూసే తలలు రెండు. తాను రాతినే చూస్తున్నానని నాసిర్ అనుకున్నాడు.

"ఆపు. ఎనక్కి తిప్పు" అంది ఇష్రత్.

కెమెరా తల తిప్పింది. పక్క రాతిలో ఒక సందు, దాని నిండా బంకమట్టి. ఆ మట్టి అంచు నుంచి సన్నటి ఇసుక నీళ్ళలోకి పొగలా లేస్తోంది.

"ఏందది?"

"ఊట. మట్టి అడ్డం పడింది." నాసిర్ గొంతు తగ్గింది. "పోయినేడు నా కెమెరా దీని పక్కనుంచే పోయింది."

"నువ్వు చూడలా."

"చూడలా."

అతను సాకు చెప్పకపోవడం ఇష్రత్‌కు నచ్చింది. ఆ సంగతి మొహంలో కనపడకుండా జాగ్రత్తపడింది.

శనివారం నాసిర్ జమ్మలమడుగు నుంచి కంప్రెసర్ లారీ తెచ్చి, అడ్డం పడిన మట్టి వదిలేలా బోరులోకి గాలి కొట్టించాడు. ముందు గాలే తిరిగొచ్చింది, తర్వాత బురద, ఆ తర్వాత చెట్లకంటే ఎత్తున నీళ్ళు. అందరూ తడిశారు. మున్వర్ "అల్హందులిల్లా" అని, తడి చేత్తోనే చెట్లు కొట్టేవాళ్ళకు ఫోన్ చేసి రావద్దన్నాడు.

ఆ పూటే జానీబీ కబురు పెట్టింది. ప్రొద్దుటూరు వాళ్ళు వేరే పిల్లను ఖాయం చేసుకున్నారట. "పోనీలే" అంది ఖైరున్నీసా, కొంచెం త్వరగానే.

నాసిర్ కేబులు చుట్టడం ఆపాడు. "ఖాలా, పోయినేడు ఇంత దూరం వచ్చి నేను చూడంది బోరులో నీళ్ళొకటే కాదు."

ఖైరున్నీసా కూతురి వైపు చూసింది. కూతురు నీళ్ళను చూసి నవ్వుతోంది. నీళ్ళలో నవ్వేంతగా ఏమీ లేదు.

"మీ అమ్మ నంబరు చెప్పు బేటా."

నాసిర్ చెప్పాడు.

"అంకెలు తొమ్మిదే అయినాయి" అంది ఇష్రత్.

"ఇంగొకటి ఉండాది. గుర్తుకు రావడంలా."

"గుర్తొచ్చే దాకా ఈడే కూచో."

కూర్చున్నాడు. సాయంత్రం దాకా గుర్తుకు రాలేదు.