రన్‌వే చివరి గాలి

సౌదీలో బురైదా ఊరి అవతల ఖర్జూరపు తోటలో, మందు చల్లే చిన్న విమానం దిగే మట్టి రన్‌వే ఉంది. దాని చివరికి చీకటి పడ్డాక ఎవరూ పోరట. ఆ చోటుకు అంత చెడ్డపేరు తెచ్చింది పాపం ఇంజనీరు వీరభద్రరావు గారే.

ఆమధ్య విమానం దిగబోతూ పల్టీ కొట్టింది. ఈజిప్టు నుంచొచ్చిన మిస్రీ పైలట్‌కు కాలు విరిగింది. జగిత్యాల నుంచొచ్చిన కూలీలు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, గోదావరి జిల్లా రావుగారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

"గాలిరా. దిగే టైముకి గాలి పట్టి కుదేసింది."

ఆయన చెప్పింది ఈదురుగాలి. జగిత్యాల చెవులకు వినపడింది వేరు. గాలంటే... చచ్చినా పోకుండా తిరిగేది, మనిషికి సోకేది. అంత చదివిన సారే చెప్పాక ఇక అనుమానమేముంది? వంట రాజేశం ఆ పూటే గది గుమ్మానికి నిమ్మకాయలు కట్టాడు.

చిక్కంతా సదానందానికి. రన్‌వే చివరి నీళ్ల వాల్వు రోజూ రాత్రి ఇషా నమాజు వేళకు తిప్పాల్సింది అతనే. భయంతో ఎగ్గొడుతూ వచ్చాడు. మొక్కలు వాడాయి. ఇవాళ నీళ్లు పారకపోతే రేపే ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తానన్నాడు తోట యజమాని కఫీల్. ఇంటి స్లాబు పడేదాకా రావద్దని ఊళ్లో ఉన్న భార్య ముత్యవ్వ ఫోన్లో తేల్చి చెప్పింది. ఆమెకంటే దెయ్యమే నయమనుకుని కొడవలి పట్టుకుని బయల్దేరాడు.

గాలి రివ్వున కొడుతోంది. ఇసుక కళ్లలో పడుతోంది. కొండగట్టు అంజన్నను తలుచుకుంటూ వాల్వు తిప్పేశాడు...

నెత్తి మీద — ఫట్.

తలెత్తాడు. తెల్లగా... కాళ్లు లేవు. తల లేదు. ఒళ్లంతా నోరే. పొట్ట ఉబ్బుతోంది... కుంగుతోంది... మళ్లీ ఉబ్బుతోంది. ఉన్నట్టుండి కిందికి వాలి అతని మొహాన్ని చుట్టేసింది.

సదానందం కళ్లు మూసుకుని నరికాడు, లాగాడు, చేతికి చిక్కినదాన్ని చంకన పెట్టుకుని పరుగు తీశాడు.

గది వెలుగులో చూస్తే అది గుడ్డ. రెండు వైపులా నోరున్న తెల్ల సంచి. అప్పుడైనా నిజం ఒప్పుకోవచ్చు. కానీ అందరూ తన వైపే చూస్తున్నారు.

"బట్టలిడిసి ఉరికింది" అన్నాడు రొప్పుతూ.

రాజేశం ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి, వాటితోపాటు గుడ్డనూ పొయ్యిలో వేశాడు. గదంతా దగ్గింది. సదానందం మొనగాడైపోయాడు.

తెల్లారింది. గాలి తగ్గలేదు. బాగుచేసిన విమానం, కొత్త పైలట్. కింద దేనికోసమో వెతుకుతున్నట్టు చుట్టూ తిరిగి తిరిగి, ఆఖరికి దించాడు. పక్కనుంచి ఒక్క విసురు... రెక్క నేలకు తగిలి విమానం ఇసుకలో కూలబడింది. పైలట్‌ను బయటకు లాగింది సదానందమే. ప్రాణం ఉంది, ముందు పళ్లు లేవు.

రావుగారు రన్‌వే చివర బోసిగా నిలబడ్డ గుంజ చుట్టూ తిరుగుతున్నారు. "నిన్న సాయంత్రమే కట్టించానురా తెల్ల సంచి. గాలి ఎటు కొడుతుందో పైనుంచి చూసుకోడానికి. ఏదది?"

సదానందం తన చొక్కా వైపు చూసుకున్నాడు. పైలట్ నెత్తురు ఇంకా చొక్కా మీదే తడిగా ఉంది. నిజం చెబితే ఎగ్జిట్. ఎగ్జిట్ అంటే ముత్యవ్వ.

"గాలి... వట్కపోయింది సార్."

రావుగారు తల పట్టుకున్నారు. "గాలే. అనుకున్నాను."

వెనకనుంచి రాజేశం గుసగుసగా అన్నాడు.

"చూస్తివా... బట్టల కోసం మల్లొచ్చింది."