అరవయ్యో రోజు

వాషింగ్టన్ శివారు హెర్న్‌డన్‌లో ఒక ఆఫీస్ పార్కింగ్ లాట్. నేవీ సిగ్నల్స్ ఆఫీసర్ ఒకాయన పట్టపగలు కారు తలుపు తీస్తూ కుప్పకూలిపోయాడు. సైలెన్సర్ ఉన్న పిస్టల్, ఒకటే గుండు. పర్సు జేబులోనే ఉంది. మెడలో ఉండాల్సిన యాక్సెస్ కార్డ్ మాత్రం లేదు.

గంట తిరక్కముందే ఏజెంట్ దేదీప్య చీఫ్ నరసింహం ఎదుట నిలబడింది. ఆయన కూర్చోమనలేదు. ఇద్దరికీ పడదు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. కర్వానా అనే ద్వీపం మీద అమెరికా ప్రెసిడెంట్ పార్లమెంటు లాంటి కాంగ్రెస్‌ని అడక్కుండానే బాంబులు వేయిస్తున్నాడు. చట్టం అలాంటి యుద్ధానికి అరవై రోజులే గడువిచ్చింది. ఆలోగా కాంగ్రెస్ ఒప్పుకోకపోతే సైన్యం వెనక్కి రావాల్సిందే. గడువు ఈ సాయంత్రంతో సరి. కాంగ్రెస్ ఒప్పుకునేలా లేదు. అయితే కర్వానాలో రెండు పక్షాలకీ ఆయుధాలు అమ్ముతున్న ఒక విదేశీ ముఠాకి యుద్ధం ఆగకూడదు. అమెరికన్ యుద్ధనౌక ఒకటి మంటల్లో మునిగిపోతున్నట్టు వాళ్ళు దొంగ వీడియో తయారుచేశారు. చనిపోయినవాడి కార్డ్‌తో అది ఆష్‌బర్న్ డేటా సెంటర్ నుంచి నేవీ లైన్‌లోకి ఎక్కితే చాలు, నేవీయే పంపిందనుకుని కాంగ్రెస్ ఊగిపోయి యుద్ధానికి ఓటేస్తుంది.

"కబురిచ్చింది ప్రమోద. రెండో హాల్ అని చెప్పింది," అన్నాడు నరసింహం.

ప్రమోద ఆ ముఠాలో తమ తరఫున పనిచేస్తున్న మనిషి. వాషింగ్టన్ పార్టీల్లో ఆమె అడుగుపెడితే సెనేటర్లు మాట మధ్యలో ఆపేసేవారు. కిందటేడు ఆమె ఇచ్చిన కబురు నమ్మి వెళ్ళిన దేదీప్య పార్ట్‌నర్ అర్జున్ శవమై తిరిగొచ్చాడు.

"ఆవిడ రెండు వైపులా ఆడుతోంది సర్."

"రుజువు తీసుకురా. అప్పుడు మాట్లాడు."

ఏసీ మెకానిక్ వేషంలో దేదీప్య డేటా సెంటర్‌లోకి వెళ్ళింది. రెండో హాల్ వైపు కన్నెత్తి చూడలేదు. చేతిలో థర్మామీటర్‌లా కనిపించే సిగ్నల్ డిటెక్టర్ ఆమెని నాలుగో హాల్‌కి తీసుకెళ్ళింది. సర్వర్ల మధ్య తెల్లటి సూట్‌లో ప్రమోద. ఎదురుగా లాప్‌టాప్, చేతిలో పిస్టల్.

"నిన్ను రెండో హాల్‌కి కదా పంపించాను," అంది ప్రమోద.

"అర్జున్‌నీ అలాగే పంపించావు."

"అతను చెప్పిన మాట వినేవాడు."

స్క్రీన్ మీద అప్‌లోడ్ తొంభై ఏడు శాతం దాటింది. దేదీప్య చేతిలోని రెంచ్‌ని బలంగా విసిరింది, ప్రమోద మీదికి కాదు, ఆమె వెనక గోడమీద ఉన్న, హాల్ కరెంట్ తీసేసే ఎర్రటి ఎమర్జెన్సీ బటన్ మీదికి. పిస్టల్ పేలింది. గుండు దేదీప్య భుజాన్ని రాసుకుంటూ పోయింది. అదే క్షణంలో హాల్ మొత్తం కరెంట్ పోయింది. తొంభై తొమ్మిది దగ్గర అప్‌లోడ్ చచ్చింది.

చీకట్లో దేదీప్య ఆమె మీద పడింది. పిస్టల్ ఎటో దొర్లిపోయింది. చేతికి ప్రమోద గొంతు దొరికింది. వదలాలనిపించలేదు. చివరికి వదిలి, బేడీలు వేసింది.

మర్నాడు ఇంటరాగేషన్ రూమ్‌లోకి దేదీప్య భుజానికి కట్టుతో వచ్చింది. యుద్ధం ఆగిపోయిందా అని ప్రమోద అడిగింది. దేదీప్యకి చెప్పక తప్పలేదు. గడువు దాటిపోయింది, బాంబులు మాత్రం పడుతూనే ఉన్నాయి. పైనుంచి మనమే బాంబులు వేస్తున్నాం, కింద మన సైనికుడు ఒక్కడూ లేడు, కాబట్టి చట్టం దృష్టిలో ఇది యుద్ధమే కాదని ప్రెసిడెంట్ లాయర్లు పొద్దున్నే తేల్చేశారు.

ప్రమోద చాలాసేపు నవ్వింది.

"ఈ మాట ముందే తెలిస్తే మేమూ ఒక మంచి లాయర్‌ని పెట్టుకునేవాళ్ళం," అంది.