అమ్మ ఎత్తిన చరణం

నా వాట్సాప్ గుంపులో మూడు వందల మంది ఉన్నారు. నాకు దొరికిన కొత్త సంగతులను ప్రతి శుక్రవారం వాళ్ళకు పంపిస్తుంటాను. ఎవరూ వినని ఓ పాట, రెండు నిమిషాల సినిమా, మడిచి సంచిలో పెట్టుకునే కుర్చీ, మట్టికుండలో అమర్చిన స్పీకరు, ఫోన్లో పనికొచ్చే ఏదో ఒక యాప్. నందికొట్కూరులో ఫొటో స్టూడియో నడుపుకునేదానికి ఇవన్నీ ఎందుకని మా ఆయన నవీన్ ఎగతాళి చేస్తాడు. ఆయనది డోన్‌లో రైల్వే ఉద్యోగం. రైళ్ళు తప్ప లోకంలో ఇంకేవీ పట్టవు. నాకేమో కొత్తది కంటపడితే చెయ్యి ఊరుకోదు.

మూడు వారాలుగా గుంపులో ఏమీ పెట్టలేదు. 'జెస్సీ, ఏమైంది?' అని అడుగుతున్నారు. చెబుతాను. ఆ యాప్ పేరు మాత్రం అడగకండి.

మా అమ్మ రత్నమణి పోయి ఏడాదయింది. అప్పటి నుంచి మా నాయన దాసన్న సరిగా తినడం మానేశాడు. సగం ముద్దకే చెయ్యి కడిగేసుకునేవాడు. నేను వారానికి రెండుసార్లు ఊరికి వెళ్ళి, బతిమాలి, తిట్టి, మళ్ళీ బతిమాలి వచ్చేదాన్ని. మనిషి నా కళ్ళ ముందే కరిగిపోతున్నాడు. అమ్మ జ్ఞాపకార్థ కూడిక దగ్గరపడుతుండగా ఒకరోజు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కసారి మీయమ్మ గొంతు వినిపియ్యి పాపా. మర్సిపోతానేమోనని భయమైతాంది."

అమ్మ గొంతున్నది ఒకే ఒక్క క్యాసెట్లో. ఎప్పుడో మా గుడిలో, అంటే చర్చిలో, రికార్డు పట్టింది. అందులో ఊరంతా పాడుతుంటుంది, డోలక్ మోగుతుంటుంది, పిల్లలు ఏడుస్తుంటారు.

మా గుడి పద్ధతి మీకు చెప్పాలి. పుస్తకం చదవలేని వాళ్ళ కోసం ఒకరు చరణం ఎత్తుతారు. మిగతావాళ్ళు అదే చరణాన్ని తిరిగి పాడతారు. ఆ జవాబు గట్టిగా రాకపోతే ఎత్తినవాళ్ళు ముందుకు పోరు, మళ్ళీ అదే చరణం ఎత్తుతారు. మా అమ్మ ఈ విషయంలో మహా మొండిది. జవాబు వచ్చేదాకా వదిలేది కాదు.

క్యాసెట్లో ఉన్నది అమ్మ సొంతంగా కట్టిన పాట. పోయిన మావాళ్ళను మట్టి చేసేటప్పుడు పాడతాం. మూడే చరణాలు. 'ఊరు దాటితిని స్వామీ, ఊరిని మరచితిని' అని మొదటిది. 'ఏరు దాటితిని స్వామీ, ఒడ్డును మరచితిని' అని రెండోది. 'గడప దాటితిని స్వామీ, నన్నే మరచితిని' అని చివరిది.

పాత పాటలో కలిసిపోయిన గొంతులను విడదీసే యాప్ ఒకటి సరిగ్గా ఆ వారమే నాకు దొరికింది. స్టూడియోలో కూర్చుని డోలక్ తీసేశాను. ఏడుపులు తీసేశాను. ఊరు పాడిన జవాబులన్నీ తీసేశాను. అమ్మ ఒక్కతే మిగిలింది. ఆ రోజు ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

కూడికకు ముందురోజు, శనివారం, ఫోను, మట్టికుండ స్పీకరు తీసుకుని ఊరికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. వడగాలికి తలుపు మూసి, కిటికీకి తడిపిన గోనెపట్ట కట్టాం. అంత ఎండలోనూ ఇల్లు చీకటైపోయింది. తడి గోనె వాసన, మూలనున్న శనక్కాయల మూట వాసన. ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదిగా తిరిగి ఆగిపోయింది.

పాట పెట్టాను.

అమ్మ మొదటి చరణం ఎత్తింది. నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. చరణం అయిపోయింది. నలభై మంది పాడాల్సిన చోట ఏమీ లేదు. గోనెపట్ట నుంచి నీటిచుక్క పడిన చప్పుడు వినిపించింది.

అమ్మ మళ్ళీ మొదటి చరణమే ఎత్తింది.

క్యాసెట్లో అలా లేదు. ముందురోజు వందసార్లు విన్నాను, మొదటి చరణం ఒక్కసారే ఉంది. యాప్ ఏదో పొరపాటు చేసిందనుకున్నాను. ఈలోగా మూడోసారి వచ్చింది... కాస్త గట్టిగా, కాస్త విసుగ్గా.

నాయన నవ్వాడు. ఏడాది తర్వాత నవ్వాడు. కళ్ళు మూసుకుని జవాబు పాడాడు.

వెంటనే రెండో చరణం వచ్చింది. ఈసారి ఆయన ఆలస్యం చేయలేదు. కానీ... ఆయన నోరు నా ముందే కదులుతోంది. గొంతు మాత్రం మూసిన తలుపు అవతల నుంచి వస్తోంది. దూరం నుంచి. నడుస్తూ పాడుతున్న మనిషి గొంతు.

చెయ్యి పట్టుకుని చూశాను. అంత ఎండలో మంచులా ఉంది.

మూడో చరణం ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది. ఫోను ఆపేశాను. స్పీకరు వైరు పీకేశాను.

'గడప దాటితిని స్వామీ...'

పాట ఆగలేదు. అమ్మ చాప పరుచుకునే చోటు నుంచి వస్తోంది. అక్కడ ఎవరూ లేరు. నాయన పెదవులు విచ్చుకున్నాయి. నా అరచేత్తో ఆయన నోరు మూసేశాను.

"పాడొద్దు నాయనా," అన్నాను గుసగుసగా.

ఆయన నా చేతిని పక్కకు నెట్టాడు. తిండిలేని ముసలాయనకు అంత బలం ఎక్కడిది?

"ఇడ్సు పాపా. శానాసేపటి నుంచి పిలుస్తాండాది."

మళ్ళీ ఆయన నోరు మూశాను. మళ్ళీ అదే చరణం. మళ్ళీ. మళ్ళీ. ప్రతిసారీ ఇంకొంచెం దగ్గరగా... నా చేతి కింద నాయన ఊపిరి సన్నబడింది. ఇక లాభం లేదు. జవాబు వస్తేగాని ఆగదు. ఆయన పాడితే ఆయన పోతాడు. ఎవరో ఒకరు అందుకోవాలి.

నేను అందుకున్నాను. మూడో చరణం పాడటానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని మొదటి చరణం పాడాను.

"ఊరు దాటితిని స్వామీ, ఊరిని మరచితిని..."

పాట ఠక్కున ఆగింది. పాడింది ఎవరా అని చూస్తున్నట్టుంది. నా మెడ మీద చల్లటి గాలి తగిలింది. ఫ్యాను ఇంకా తిరగడం లేదు.

కరెంటు వచ్చేసరికి నాయన చెయ్యి వెచ్చబడింది. నీళ్ళడిగాడు. తర్వాత అన్నం అడిగాడు. గిన్నె ఊడ్చి తిన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఫోన్లో అన్నీ చెరిపేశాను. క్యాసెట్టు పొయ్యిలో వేశాను. ఇప్పటికీ ఆయన రోజూ కడుపునిండా తింటున్నాడు.

నేను ఆ పాట మళ్ళీ వినలేదు. అమ్మ నన్ను పిలుచుకోదు. నాకు జ్వరమొస్తే తాను పస్తున్న మనిషి ఆమె. మరి ఆ గదిలో పాడింది ఎవరు అని ఆలోచించకుండా ఉండటానికే ఈ మూడు వారాలూ సరిపోయాయి.

నిన్న ఊరికి వెళ్ళాను. అన్నం తిని, చాప వేసుకుని కాసేపు నిద్రపోయాను. అంతే నాకు తెలుసు. నాయన భుజం పట్టి ఊపితే మెలకువ వచ్చింది. వాకిట్లో నిలబడి ఉన్నాను.

"యాడికి పోయింటివి పాపా, ఈ యండలో?" అన్నాడు. "ఎనకనుంచి పిలుస్తాంటి. పలకవే. ఏందో పాడుకుంటా పోతాంటివి."

"నేను పండుకోనుండా కదా నాయనా."

ఆయన నా కాళ్ళ వైపు చూశాడు. నేనూ చూశాను. ఈ ఏడు మా ఊరి ఏట్లో చుక్క నీరు లేదు. గొర్రెలకు నీళ్ళు తాపడానికి ట్యాంకరు తెప్పిస్తున్నారు.

నా చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కుచ్చిళ్ళు పిండితే చెంబు నిండింది.